అగ్గిపుల్లల వంతెన

మా ఇంట్లో అగ్గిపెట్టెలు మాయమవుతున్నాయని మా ఆవిడ ఫిర్యాదు. గ్యాసు పొయ్యికి లైటరు వచ్చాక అగ్గిపుల్లతో పని దేవుడి దీపం దగ్గర మాత్రమే. నెలకు ఒక్క పెట్టె చాలాలి. అటువంటిది ఒక్క నెలలో ఆరు ఖర్చయ్యాయి. మొదట పనిమనిషి మీద అనుమానపడింది. తరువాత ఇంటరు చదువుతున్న మా వాడు చాటుగా సిగరెట్లు కాలుస్తున్నాడేమోనని వాడి జేబులు వెతికింది. ఆఖరుకు నేరం ఇంటి యజమానిదని తేలింది. పుల్లల తలలు గిల్లేసి, ఒక్కొక్కటీ కొలిచి కోసి, అట్టమీద వరసగా అంటిస్తూ పట్టుబడిపోయాను.

"తెలుగు ఎమ్మే చదివి, పాతికేళ్లు ఛందస్సు చెప్పి, ఆఖరుకు ఈ పుల్లలాటా?" అంది.

"గణాలు కూర్చడమూ ఇదీ ఒకటేనే!" అన్నాను. ఆవిడ నమ్మలేదు. మీరైనా నమ్ముతారని చెబుతున్నాను.

దీన్ని డయోరమా అంటారు. మన బొమ్మలకొలువుకు దూరపు చుట్టం. ఒక చోటునూ ఒక సంఘటననూ కొలత ప్రకారం తగ్గించి, ఒక బల్లమీద నిలబెట్టడం. బజారులో పెట్టెలు కొని, అందులోని ముక్కలు అతికించి తయారుచేసేవారు కొందరు. ఏదీ కొనకుండా చెత్తా చెదారం పోగుచేసి మొదటినుంచీ చేత్తో చేసుకునేవారు మరికొందరు. నేను రెండో జాతివాణ్ణి. నేను చేస్తున్నది ఒక సైనిక రైలుమార్గం.

పల్నాటిలో పుట్టి పెరిగిన నాకు రైలంటే గుంటూరు-మాచర్ల బండే. నా చిన్నతనంలో అది మీటరుగేజి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, నడికుడి, గురజాల, రెంటచింతల దాటుకుంటూ తాపీగా మాచర్ల చేరేది. కిటికీలోంచి తల పెడితే కంట్లో బొగ్గునుసి పడేది. ఆ మార్గం బ్రాడ్‌గేజి అయిపోయింది. ఆ చిన్నబండి మీద మమకారం మాత్రం నాలో అలాగే వుండిపోయింది. పెద్దయ్యాక ఒక పుస్తకంలో సయాం-బర్మా రైలుమార్గం గురించి చదువుతూ, అది కూడా మీటరుగేజేనన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. గేజి వరసన అది మా మాచర్ల బండికి అన్నదమ్ములన్నమాట.

ఆ కథ కొంచెం చెప్పాలి. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశమైంది. బర్మాలో వున్న వారి సైన్యానికి తిండీ తుపాకులూ ఓడలమీద పంపాలంటే సముద్రంలో శత్రువుల జలాంతర్గాములు పొంచివున్నాయి. అంచేత సయాంలోని నాంగ్ ప్లాడుక్ నుంచి బర్మాలోని థాన్‌బ్యుజాయత్ దాకా అడవుల్లో కొండల్లో 415 కిలోమీటర్ల రైలుదారి వేయాలని సంకల్పించారు. 1942 మధ్యలో రెండు కొసలనుంచీ పని మొదలుపెట్టి, 1943 అక్టోబరు 17న కొంకోయిటా దగ్గర కలిపేశారు. ఏడాది మీద నాలుగు నెలలు! దారిలో ఆరువందల పైచిలుకు వంతెనలు. అందులో అత్యధికం అడవిలో కొట్టిన దుంగలతో నిలబెట్టినవే.

దీనిమీద 1957లో వచ్చిన క్వాయ్ నది వంతెన సినిమా మీలో చాలామంది చూసేవుంటారు. దాన్ని తీసింది సింహళంలో. అసలు వంతెన ఉక్కుది. దాని దూలాలను జావానుంచి తెచ్చారు. నన్ను ఆకర్షించింది మాత్రం అది కాదు, వాంపో దగ్గర కొండచరియను ఒరుసుకుంటూ నదిమీదుగా పోయే కొయ్య వంతెన. దానిమీద ఈనాటికీ సయాం రైళ్లు నడుస్తున్నాయి.

సరే, పనిలో దిగాను. కొలత డెబ్బైరెండో వంతు. అంటే పట్టాల మధ్య మీటరు దూరం పద్నాలుగు మిల్లీమీటర్లవుతుంది. అయిదడుగుల అయిదంగుళాల మనిషి ఇరవైమూడు మిల్లీమీటర్ల వాడవుతాడు. మూడడుగుల బల్లమీద అరవైఆరు మీటర్ల దారి పడుతుంది. దానికి తొంభై స్లీపర్లు. ఒక్కొక్క స్లీపరు ఆరడుగులు. అగ్గిపుల్లను పాతిక మిల్లీమీటర్లకు కోస్తే అదే. వెడల్పు రవ్వంత తక్కువవుతుంది, సర్దుకుపోవాలి.

వంతెన దుంగలకు మన పల్నాటి పత్తికట్టె దివ్యంగా పనికొచ్చింది. పత్తి తీశాక చేలో ఎండిన కట్టె కొసకొమ్మలు నాలుగు మిల్లీమీటర్ల లావుంటాయి. అడుగు లావు దుంగకు అది సరైన కొలత. పైన బెరడు కూడా చెట్టుబెరడులాగే కనిపిస్తుంది. కొండచరియకు వెతుక్కోనక్కర్లేదు. అక్కడిదీ సున్నపురాయే, ఇక్కడిదీ సున్నపురాయే. పిడుగురాళ్లనుంచి సంచీడు పెచ్చులు తెచ్చాను. వాడిన టీపొడి ఎండబెడితే అడవినేల. రంపపుపొట్టుకు ఆకుపచ్చ రంగు పట్టిస్తే పొదలు. ఎర్రమన్నూ కాటుకా కలిపి పూస్తే ఇనుముకు తుప్పు.

ఇంజను మీద రెండు నెలలు కూర్చున్నాను. జపానువారు 1941లో తమ దేశంనుంచి సీ-56 జాతి ఇంజన్లు 90 ఆగ్నేయాసియాకు పంపారు. వారి దేశంలో పట్టాల మధ్య దూరం 1067 మిల్లీమీటర్లు. మీటరుగేజికి సరిపడేలా చక్రాలు దగ్గరికి జరిపించి మరీ పంపారు. వెనక్కి నడిపేటప్పుడు దారి కనబడటానికని బొగ్గుతొట్టి పక్కలు చెక్కేసినట్టుగా వుంటాయి. ఆ వంపు అట్టముక్కతో తీసుకురావడానికి ఎనిమిది శుభలేఖలు పాడుచేశాను. బాయిలరు కూడా చుట్టిన శుభలేఖే. పెద్దచక్రాలు ఆరింటికీ నా పెళ్లికోటు బొత్తాలు మూడు, దర్జీ ఇచ్చినవి మూడు. నల్లరంగు ఆరాక పట్టాలమీద పెట్టి చూసుకుంటే, నిజం చెప్పొద్దూ, కళ్లు చెమ్మగిల్లాయి. మా ఆవిడ కూడా "బాగానే వుంది" అంది. ఆవిడ నోట అది పద్మభూషణం.

మా పక్కింట్లో రైల్వేలో మేస్త్రీగా పనిచేసి రిటైరైన పెద్దాయన వున్నాడు. గర్వంగా పిలిచి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"పట్టా బాగానే పరిచారు, మాష్టారూ. మోసిందెవరు?"

"అంటే?"

"మీటరుగేజిలో గజానికి అరవై పౌన్ల పట్టా అనుకోండి. ముప్పై అడుగుల ముక్క ఆరువందల పౌన్లు. పదిమంది పటకార్లతో లేపాలి. అందులో ఒకడి కాలు జారితే తొమ్మిదిమందికీ దెబ్బ. మీ బొమ్మలో ఒక్కడూ కనబడడే!"

నా దగ్గర మనుషులు లేకపోలేదు. పార్శిల్లో తెప్పించిన ప్లాస్టిక్ బొమ్మలున్నాయి: నలుగురు జపాను సైనికులు, ఆరుగురు తెల్ల ఖైదీలు. రంగులు వేస్తున్నానని చెప్పి తప్పించుకున్నాను.

దసరా సెలవులకు మా అత్తగారు వచ్చారు. ఆవిడది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి వైపు పల్లె. నేను ఉద్యోగం తొలినాళ్లలో అటు పనిచేసినప్పుడు కుదిరిన సంబంధం. డెబ్బై దాటిన మనిషి. బల్ల దగ్గర నిలబడి, "ఏటి బాబూ ఇది?" అని అడిగారు.

"సయాంలో యుద్ధమప్పుడు వేసిన రైలండీ."

ఆవిడ వంగి, ఒక కొసనుంచి మరో కొసకు వేలు తగలకుండా గాలిలోనే నడిపించారు. "ఇందులో మావోళ్లేరీ?" అన్నారు.

ఆ ఇంటి అల్లుణ్ణయి ఇరవైయేళ్లు కావస్తున్నా నాకు తెలియని సంగతి అప్పుడు చెప్పారు. ఆవిడ పెదనాన్న 1937లో మద్రాసులో ఓడ ఎక్కి మలయా వెళ్లాడు. పేరాక్‌లో రబ్బరుతోట కూలి. 1941 దాకా డబ్బూ వుత్తరమూ వచ్చేవి. ఆపైన ఏదీ లేదు. యుద్ధం ముగిశాక తిరిగొచ్చిన పొరుగూరి మనిషి ఒకడు, తోటలోనుంచి కొందరిని గూడ్సుపెట్టెల్లో సయాం రైలుపనికి ఎక్కించినప్పుడు చూశానని చెప్పాడు. పోయాడని ఎవరూ చెప్పలేదు. చెప్పలేదు గనుక ఆ యింటి పెద్దకోడలు పసుపు కుంకుమలు తీయలేదు. అలాగే ముప్పైఅయిదేళ్లు బతికి ముత్తైదువగానే పోయింది. "పోయినోడికి తద్దినం పెట్టాలా, వున్నోడికి దీపం పెట్టాలా అని మా నాయనమ్మ ఏటేటా ఏడ్సేది బాబూ" అన్నారు మా అత్తగారు.

ఆ రాత్రి పుస్తకం మళ్లీ తీశాను. ఇంజను కొలతల కోసం పదిసార్లు తిప్పిన పుస్తకమే. ఈసారి వేరే పేజీలు చదివాను. ఆ దారిలో పనిచేసిన తెల్ల ఖైదీలు 60,000 పైబడి. వారిలో 12,000 మందికి పైగా చచ్చిపోయారు. ఆసియా కూలీలు రెండు లక్షల దాకా వున్నారని, వారిలో దాదాపు 90,000 మంది మరణించారని అంచనా. మలయానుంచి తరలించినవారే 70,000 పైబడి. తమిళులు ఎక్కువ, తెలుగువారూ మలయావారూ వున్నారు. మూడునెలల పని, రోజుకు డాలరు కూలి అని మొదట ఆశపెట్టారు. ఎవరూ రాకపోతే తోటలమీద పడి లారీల్లో ఎక్కించుకుపోయారు. ఉచితంగా సినిమా వేస్తామని పిలిచి, తలుపులు మూసి పట్టుకుపోయారని కూడా మలయాలో చెప్పుకుంటారు.

ఖైదీల్లో వారి డాక్టర్లున్నారు, అధికార్లున్నారు. ఎవడు ఏ రోజున పోయాడో దొంగచాటుగానైనా రాసి దాచారు. కనుక యుద్ధం కాగానే వారికి గోరీలు కట్టడం సాధ్యమైంది. కాంచనబురి శ్మశానంలో దాదాపు ఏడువేలమందికి పచ్చగడ్డి మధ్య పేరు చెక్కిన ఫలకాలున్నాయి. మనవాళ్లలో డాక్టరు లేడు, రాసేవాడు లేడు. 1943 వానల్లో కలరా తగిలితే గుడిసెలకు గుడిసెలే ఖాళీ అయ్యాయి. లెక్కలు రాసినచోటా దక్షిణాదివారినందరినీ తమిళులుగానే రాసుకున్న సందర్భాలున్నాయి. టెక్కలి మనిషిని ఏ పట్టికలో వెతకడం?

ఇందులో నా తప్పేమిటో చెప్పేస్తాను. ఈ అంకెలు నేనెరగనివి కావు. మొదటిసారే చదివాను. కానీ సీ-56 బొగ్గుతొట్టి వంపు గుర్తున్నంతగా అవి గుర్తులేవు. పల్నాటివాణ్ణయివుండి ఇలా చేయడం మరీ సిగ్గుచేటు. మా కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యనుంచి అయిదురోజులు పల్నాటి వీరులను కొలుస్తారు. ఎనిమిది వందల ఏళ్లకిందట పడిపోయినవారి ఆయుధాలను ఇంటిదేవుళ్లుగా మోసుకొచ్చి, నాగులేటి ఒడ్డున పేరుపేరునా తలుచుకుంటారు. చచ్చిపోయినవాణ్ణి పేరుపెట్టి పిలవాలని ఈ నేలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏటా క్లాసులో శ్రీనాథుడి పల్నాటి వీరచరిత్ర చెబుతూ ఆ మాట నేనే అంటాను.

మర్నాడు ఇంజను తీసి అలమారులో పెట్టేశాను. పట్టా ఇంకా పరుస్తుంటే ఇంజను ఎలా వస్తుంది? మేస్త్రీ అన్నది శాస్త్రప్రకారం కూడా నిజమే. వాంపో పేరు కూడా తుడిచేశాను. అక్కడ ఎక్కువగా పనిచేసింది తెల్లఖైదీలు. ఇప్పుడిది ఇంకా ఎగువన, వానాకాలంలో, ఆరువందల పైచిలుకు వంతెనల్లో పేరులేని ఒకటి. సున్నపురాయిమీద నీళ్లు కారుతున్నట్టు వార్నిషు రాశాను. టీపొడి తడిపి బురద చేశాను.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి చిక్కొచ్చింది. సైనికులు పెట్టెల్లో దొరుకుతారు. గోచీ బిగించి తలగుడ్డ చుట్టిన కూలి ఏ పెట్టెలోనూ నాకు దొరకలేదు. కరెంటు తీగలోని రాగిపోగులు మెలిపెట్టి ఎముకలు చేశాను. ఎంసీల్ ముద్దతో కండ పెట్టాను. కొంచెమే పెట్టాలి, వారికి కండ ఎక్కడిది? ఫెవికాల్‌లో ముంచిన పల్చని కాగితం గోచీ అయింది. మొదటి నలుగురూ వ్యాయామశాల పహిల్వానుల్లా వచ్చారు, విరిచేశాను. పదిమందికి మూడువారాలు పట్టింది. వారి చేతుల్లో అయిదంగుళాల ఇత్తడి పట్టా. అంటే అదే ముప్పై అడుగుల ముక్క. మేస్త్రీగారు వచ్చి, "ఇద్దరిమధ్య ఎడం సమంగా వుండాలి, లేకపోతే బరువంతా నడిమివాడిమీద పడుతుంది" అని తానే సర్ది వెళ్లాడు.

అత్తగారికి ఫోను చేసి, పెదనాన్నగారి ఆనవాలు ఏదైనా చెప్పమన్నాను. ఎడమచేతికి వెండిమురుగు వుండేదట, నాయనమ్మ చెప్పేది. ఫొటో లేదు. అంతకుమించి ఏమీ లేదు.

ఆకలిలో ఆ మురుగు ఏ పిడికెడు బియ్యానికో అమ్ముకునే వుంటాడని నాకు తోచింది. అనలేదు. ఆవిడే అన్నారు: "అమ్ముకునే వుంటాడు బాబూ. అయినా పెట్టు."

"ఎవరికి పెట్టనండీ? ముందు నిలబడ్డవాడికా?"

అవతల కొంతసేపు మాట లేదు. "ఒక్కడికేటి? అందరికీ పెట్టు. ఏ యింటోడో ఏ తల్లి కొడుకో మనకేటి తెలుసు" అన్నారు.

మిఠాయిమీద అంటించే వెండిరేకు తెచ్చి, సూదిమొనతో వెంట్రుకంత ముక్కలు కోసి, పది ఎడమచేతులకూ చుట్టాను. రెండు రాత్రులు పట్టింది. భూతద్దం లేకపోతే కనిపించవు.

వంతెన ఇంకా సగం మిగిలేవుంది. మొన్న మా ఆవిడ కొట్టుకు వెళ్లి వస్తూ, నేను అడక్కుండానే అగ్గిపెట్టెల కట్ట ఒకటి తెచ్చి బల్లమీద పెట్టింది. ఒక పెట్టె మాత్రం దేవుడి దగ్గరికి తీసుకుపోయింది.