కార్మిక శాఖ మంత్రి గారికి, గోదావరిఖని నుంచి

అయ్యా,

మా అమ్మ పదకొండేళ్లుగా సింగరేణి బొగ్గు సంస్థలో ఒక కాంట్రాక్టర్ కింద ఊడ్చే పని చేస్తున్నది. జీతం వచ్చిన నాడే ఇంటి కిరాయి, కిరాణా ఉద్దెర కట్టేస్తుంది. మిగిలిన పైసలతో బీపీ గోలీలు నెలకు సరిపడా కొనదు, పదిహేను రోజులకే తెచ్చుకుంటుంది. ఆ గోలీల కోసమే మీకు రాస్తున్నాను.

కనీస వేతనానికి కొలత 1957లోనే 15వ భారత కార్మిక సదస్సులో కుదిరింది. కుటుంబంలో ముగ్గురు పెద్దల లెక్కన తిండి, ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి కిరాయి, వంటచెరకు, దీపం. తర్వాత రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, ముసలితనం వంటి వాటికి మొత్తం కనీస వేతనంలో 25 శాతం ఉండాలన్నది. ఆ 25 శాతంలో మా అమ్మ గోలీలున్నాయి. ఆమె జీతంలో లేవు.

2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగారు. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ నిర్ణయించిన వేతనాలు తమకూ ఇవ్వాలన్నది వాళ్ల ముఖ్యమైన డిమాండు. 2024లో సింగరేణి లాభాల నుంచి తొలిసారి కాంట్రాక్టు కార్మికులకు ఒక్కొక్కరికి 5,000 రూపాయలిచ్చారు. అది మంచి పనే. కానీ ఏడాదికోసారి వచ్చే కానుక జీతం కాదు, దానితో నెలనెలా కిరాయి తీరదు.

సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిదే కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. కనీస వేతనాలను ఐదేళ్లు దాటకుండా సమీక్షించాలని 1948 చట్టమూ చెప్పింది, 2019 వేతనాల కోడ్ కూడా చెప్తున్నది. ఈసారి రేట్లు ఖరారు చేసేముందు ఒక్కసారి గోదావరిఖని రండి, మా కిరాణా చిట్టీలు ముందు పెట్టుకొని లెక్క కట్టండి.

ఇట్లు,
ఒక కాంట్రాక్టు కార్మికురాలి కూతురు