చేతిపనియు చదువే

తొలకరి వానలు కురియగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో వజ్రముల కొరకు వెదకువారు ఎందరో. అదృష్టము కంటె హునరు నమ్మదగినదని మా అభిప్రాయము.

నేడు స్ప్లిట్ ఏ.సి.ని ఇంటివారే బిగించుకొనవచ్చునని కొందరు తలంచుచున్నారు. అందుకు డ్రిల్లింగ్ మిషను, స్పానరు చాలవు. రాగి గొట్టపు అంచును విప్పార్చుటకు ఫ్లేరింగ్ టూలు, నట్టును తగినంతయే బిగించుటకు టార్క్ రెంచి, ఒత్తిడిని చూచుటకు గేజి, లోపలి గాలిని, తేమను తీయుటకు వాక్యూమ్ పంపు కావలెను. పంపు ఖరీదైనదని గ్యాసుతోనే గాలిని తరుమువారు కలరు. అది తప్పు. మిగిలిన తేమ కంప్రెసరును చెరచును. ఇప్పుడు విరివిగా వాడెడి ఆర్-32 వాయువునకు కొంత మండు గుణమును కలదు. ఎర్తింగు లేనిచో ప్రాణమునకే ముప్పు.

కావున పనిముట్టును కొనుట కంటె దాని ప్రయోజనము నెరుగుట ముఖ్యము. ఒత్తిడి, ఆవిరి, విద్యుత్తు మన భౌతికశాస్త్ర పాఠములే గదా! విద్యార్థులారా, పట్టాతో పాటు ఇట్టి పని యొకటి నేర్వుడు. కమిటీవారు ఒక జత పనిముట్లు కొని, అనుభవజ్ఞుడైన మిస్త్రీని పిలిపించి, వేసవి సెలవులలో నేర్పింతురు గాక యని మా మనవి.