లక్షణము ముందా, లక్ష్యము ముందా?

లక్ష్యములు పుట్టిన పిమ్మటనే లక్షణములు పుట్టును. కావ్యములు వెలసిన తరువాతనే కావ్యలక్షణములు వ్రాయబడినవి. మన పాఠశాలలలో ఈ క్రమము తలక్రిందులైనది. కథ చదువుటకు ముందే కథానికాలక్షణములు నల్లబల్లపై వెలయుచున్నవి. ఇతివృత్తము, పాత్రపోషణ, సంభాషణ, వాతావరణము, దృష్టికోణము, శిల్పము: వీని నిర్వచనములను విద్యార్థి వల్లెవేయును, పరీక్షలో అప్పగించును, మార్కులు పొందును. కథ మాత్రము అతనికి దక్కదు.

గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ ఇందుకు మంచి నిదర్శనము. అది 1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడిన తొలి ఆధునిక కథానిక యని చెప్పగల విద్యార్థులు పెక్కురు. ఆ గౌరవము భండారు అచ్చమాంబ 1902లో వ్రాసిన ‘ధనత్రయోదశి’కి చెందవలెనని వాదించువారును కలరు. ఆ తగవు చరిత్రకారులకు అవసరమే. కాని పదునాలుగేండ్ల బాలుని అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు: కమలిని మంచము క్రిందనే దాగియున్న సంగతి పాఠకునికి చివరివరకు ఏల తెలియలేదు?

రచయిత గోపాలరావు వెంటనే నడచినాడు. రాత్రి ప్రొద్దుపోయి ఇల్లు చేరిన భర్త, చీకటి గది, భార్య వ్రాసియుంచిన ఉత్తరము. అతడు చూచినంతయే పాఠకుడును చూచును. ఇదే కథను కమలిని వైపునుండి చెప్పినచో ఆ చివరి నవ్వునకు అంత విలువ మిగులునా? ఇట్లు ఆలోచించిన పిల్లవానికి దృష్టికోణమనగా నేమో అప్పటికే తెలిసినది. ఇక తెలియవలసినది దాని పేరు మాత్రమే.

పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి పొందినది. నిర్వచనములు మాత్రమే నేర్చిన విద్యార్థి అందలి తుపానును ‘వాతావరణము’ అను శీర్షిక క్రింద వ్రాసి చేతులు దులుపుకొనును. కాని నియమబద్ధుడైన రావుగారి అహంకారమును కూల్చి, ఒక బిచ్చగత్తె వెచ్చదనమును ఆశ్రయింపజేసినది ఆ గాలివానయే. అది కథకు నేపథ్యము, సంఘర్షణకు మూలము, కథార్థమునకు ఆధారము. మూడు శీర్షికలకు చెందినదానిని ఒకదానిలో బంధించుట కథకు అన్యాయము.

నిర్వచనములైనను స్థిరముగా ఉన్నవా? నాట్యశాస్త్రము ఇతివృత్తమును నాటకమునకు శరీరమన్నది, అనగా కథాసంవిధానము. నేటి పాఠ్యపుస్తకములలో అదే మాట పాఠములోని ప్రధానవిషయమును తెలుపుచున్నది. కంఠస్థము చేసిన వాక్యమును మాత్రమే నమ్మిన విద్యార్థి ఈ రెంటి నడుమ తికమక పడక తప్పదు.

అట్లని పరిభాష వలదనుట కాదు. అది లేనిచో విద్యార్థి ‘కథ బాగున్నది’ అను మాటకడనే ఆగిపోవును. ఏల బాగున్నదో చెప్పలేడు. వలయునది క్రమము మార్చుట. ఉపాధ్యాయుడు మొదట కథను తరగతిలో బిగ్గరగా చదువవలెను, పిదప ప్రశ్నింపవలెను, పిల్లలు కనుగొన్నదానికి తుదకు పేరు పెట్టవలెను. ప్రశ్నపత్రమును ఈ త్రోవనే నడువవలెను. ‘దృష్టికోణమును నిర్వచింపుము’ అనుటకు మారుగా ‘ఈ కథను కమలిని చెప్పినట్లు వ్రాయుము’ అని అడిగిననాడు, కథ చదువని విద్యార్థి ఒక్క పంక్తియు వ్రాయజాలడు. చదివినవాడు నిర్వచనము మరచినను వ్రాయగలడు.