ఊబకాయం: లావైతే తప్పంతా తిన్నవాళ్లదేనా? ‘నోరు కట్టుకో’ అనే ముందు ఈ లెక్కలు చూడండి

పెళ్లికి వెళ్లినా, పేరంటానికి వెళ్లినా మొదటి పలకరింపు ఇదే. ‘‘ఏంటమ్మా, ఇంత లావయ్యావ్?’’ అనేది పరాయివాళ్లేం కాదు.. మన పెద్దమ్మో, పిన్నో, పక్కింటి ఆంటీనో. కాసేపటికి వాళ్లే ‘‘ఇంకో రెండు గారెలు వేయించుకో, మొహమాటపడకు’’ అంటారు. తినకపోతే అలుగుతారు, తింటే ఒళ్లు చూసి మాటంటారు. మన సినిమాల్లోనూ అంతే. లావుగా ఉన్న మనిషి తెర మీదకొస్తే కామెడీ ట్రాక్ మొదలైనట్టే. 2015లో అనుష్క బరువు పెరిగి మరీ చేసిన ‘సైజ్ జీరో’ లాంటివి ఎన్నున్నాయి చెప్పండి?

ఈ మాటల వెనుక ఉన్న నమ్మకం ఒక్కటే. లావు అంటే బద్ధకం, నోరు కట్టుకోలేకపోవడం. మరి నిజంగా అంతేనా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం ఏపీలో 36.3 శాతం మహిళలు, 31.1 శాతం పురుషులు అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. తెలంగాణలో మహిళలు 30.1 శాతం, పురుషులు 32.3 శాతం. అంటే దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు. దేశం మొత్తం మీద చూస్తే మహిళల్లో ఇది 24 శాతం. అంతకుముందు సర్వేలో 20.6 శాతమే. నాలుగైదేళ్లలో ఇంతమంది కొత్తగా బద్ధకస్తులైపోయారంటే నమ్మేలా ఉందా? మారింది మనుషుల బుద్ధి కాదు. వాళ్ల చుట్టూ ఉన్న తిండి, కూర్చుని చేసే ఉద్యోగాలు, నడవడానికి ఫుట్‌పాత్ లేని రోడ్లు.

ఇంకో ఆధారం మందుల దుకాణంలోనే ఉంది. 2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశానికి వచ్చాయి. ఇవి పనిచేసేది ఆకలిని నడిపించే హార్మోన్ల మీద. వారానికో సూది వేసుకుంటే ప్లేటు ముందున్నా తినాలన్న యావ తగ్గుతుంది. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్‌పై జరిగిన ట్రయల్‌లో, మందు ఆపేసిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చేసింది. ఇదంతా కేవలం మనోబలం వ్యవహారమే అయితే, సూదితో ఆకలి ఎలా తగ్గుతుంది? మందు ఆపగానే మళ్లీ ఎలా వస్తుంది? అయినా ఈ ఇంజెక్షన్ వాడేవాళ్లను మనం ‘షార్ట్‌కట్’ అంటున్నాం. బీపీ మాత్ర వేసుకునేవాళ్లను మాత్రం అలా అనం!

అలాగని ఏం తిన్నా ఫర్వాలేదని కాదు. 2025 ఫిబ్రవరిలో ‘మన్ కీ బాత్’లో ప్రధాని మోదీ వంటనూనె 10 శాతం తగ్గించమని కోరారు. మంచి మాటే. కానీ అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీమ్, నమ్‌కీన్, ఇన్‌స్టంట్ నూడుల్స్‌పై జీఎస్టీ 5 శాతానికి దిగింది. కూల్‌డ్రింక్స్‌ను 40 శాతం శ్లాబులో పెట్టారు నిజమే, కానీ సెస్‌తో కలిపితే పాత పన్నూ అంతే. ఇంట్లో మూకుడులో నూనె తగ్గించమంటారు, షాపులో ప్యాకెట్ చవకవుతుంది. పిల్లాడు దేనివైపు వెళ్తాడు?

ఆ ప్యాకెట్ మీద హెచ్చరిక సంగతీ అంతే. చిలీలో 2016 నుంచే చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న వాటిపై ముందువైపే నల్లటి ముద్ర వేస్తున్నారు. మన దగ్గర 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 3 నెలల్లో సిఫార్సులు ఇవ్వాలంది. జులైలో ఆ గడువు మరో 3 నెలలు పెరిగింది. లోపల ఏముందో వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో వెతుక్కోవాల్సిన మనిషికి ‘చూసుకుని తిను’ అని సలహా ఇవ్వడం తేలికే.

అసలు నష్టం ఎక్కడంటే.. వెక్కిరింతలు పడ్డవాళ్లు సన్నబడరు, డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేస్తారు. మోకాలి నొప్పి అని వెళ్లినా ‘ముందు బరువు తగ్గు’ అనే మాటతోనే ఇంటికొస్తే, రెండోసారి ఎవరు వెళ్తారు? అలా షుగర్, గురకతో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా ఆలస్యంగా బయటపడతాయి. ఖర్చు దగ్గరా అదే కథ. హెల్త్ పాలసీల్లో సాధారణంగా బరువు తగ్గించే చికిత్సకు మినహాయింపు ఉంటుంది. సర్జరీకైనా బీఎంఐ కనీసం 40 ఉండాలి, లేదంటే 35 ఉండి తీవ్రమైన గుండె జబ్బో, అదుపులో లేని షుగరో తోడవ్వాలి. అంతవరకూ బిల్లు మన జేబులోంచే.