వకీలు సాబ్, పుస్తకం మళ్లీ ఎప్పుడు తెరుస్తారు?

ఇంట్లో జొరబడి దొంగతనం చేశాడని కేసు. రుజువైతే గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. మొదటిసారి కేసులో ఇరుక్కున్న పేదోడు, జమానత్ ఇచ్చే దిక్కులేక జైల్లో పడి ఉన్నాడు. పాత నేర ప్రక్రియా స్మృతి లెక్కన గరిష్ఠ శిక్షలో సగం, అంటే మూడున్నరేళ్లు లోపల గడిపితేనే విడుదల అడిగే హక్కు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఉంది. అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడని మనిషికి, మీద వేరే కేసులు లేకుంటే, మూడో వంతు చాలు. రెండేళ్ల నాలుగు నెలలు. జూలై 1కి ముందు అరెస్టయినవాళ్లకు కూడా ఇది వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

తేడా 14 నెలలు. ఒక మనిషి బతుకులో, ఒక ఇంటి పొయ్యి మీద 14 నెలలు. ఆ నెలలు ఎవరి చేతిలో ఉన్నాయి? గడువు నిండగానే జైలు సూపరింటెండెంటే కోర్టుకు రాయాలని చట్టంలో ఉంది. రాయకపోతే అడగవలసింది ఎవరు? వకాల్తా వేసిన వకీలే కదా! ఆయనకు 479 తెలిస్తే మనిషి ఇంటికొస్తాడు. తెలియకపోతే పేషీ మీద పేషీ. ఆలస్యం కోర్టు ఖాతాలో పడుతుంది. ఫీజు వకీలు ఖాతాలో పడుతుంది.

అందుకే ఈ వారం మేం మన సొంత మనుషుల మీదే కలం ఎత్తుతున్నాం. ప్రాక్టీసు చేసే ప్రతి న్యాయవాదీ ఏటా ఇన్ని గంటలు కొత్త చట్టం నేర్చుకోవాలి, నేర్చుకున్నట్టు చూపాలి, చూపకపోతే ప్రాక్టీసు ఆగాలి అనే నియమం ఈ దేశంలో అమల్లో లేదు. రావాలి. తెలంగాణ వకీళ్లే దాన్ని ముందుగా అడగాలి.

నల్లకోటు మీద మాకు కోపం లేదు. నిజానికి బాకీ ఉంది. 2009 డిసెంబరు తర్వాత మమ్మల్ని వ్యాన్లలో ఎక్కించి ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పిన రాత్రుల్లో, ఒక్క పైసా అడగకుండా చేతిలో టార్చిలైటు, సంకలో ఫైలు పట్టుకొని వచ్చింది వకీళ్లే. 2010లో లా ఆఫీసర్ల నియామకాల్లో 42 శాతం వాటా కావాలని హైకోర్టు ప్రాంగణంలోనే కొట్లాడింది వాళ్లే. రాష్ట్రం 2014లో వచ్చినా, 2019 జనవరి 1న మన హైకోర్టు మనకు వచ్చేదాకా పట్టు విడవనిదీ వాళ్లే. అట్లాంటివాళ్లను నిలదీయడం మాకు ఇష్టమై కాదు. కానీ కొట్లాడి తెచ్చుకున్న కోర్టు మెట్ల మీద మన రైతు, మన ఆడబిడ్డ పాత సెక్షన్‌తో ఓడిపోతుంటే మౌనంగా ఉండలేం.

ఇప్పుడున్న పద్ధతి ఏమిటి? చదువంతా సనదు చేతికొచ్చేదాకానే. ఆల్ ఇండియా బార్ ఎగ్జామినేషన్‌ను 2010లో తెచ్చారు, 2011 మార్చిలో మొదటిసారి జరిగింది. వంద ప్రశ్నలు, ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఒక్కసారి గట్టెక్కితే మళ్లీ నలభై ఏళ్లు అడిగే నాథుడు లేడు. అంతకుముందు లా చదివిన సీనియర్లకు ఆ ఒక్క పరీక్షా లేదు. 2015లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వెరిఫికేషన్ నియమాలు తెచ్చింది. డిగ్రీ అసలుదేనా, ప్రాక్టీసులో ఉన్నావా అనేది అందులో ప్రశ్న. చట్టం చదువుతున్నావా అని కాదు.

మిగతావాళ్ల సంగతి చూడండి. డాక్టర్లు ఐదేళ్లలో 30 గంటలు నిరంతర వైద్య విద్యలో పాల్గొనాలని 2002 నాటి వైద్య మండలి నియమాల్లోనే రాసి ఉంది. ప్రాక్టీసు చేసే చార్టర్డ్ అకౌంటెంట్లకు మూడేళ్లకు 120 గంటల లెక్క ఉంది. జడ్జీలకు భోపాల్‌లో జాతీయ అకాడమీ, సికింద్రాబాద్‌లో రాష్ట్ర అకాడమీ. అంటే కోర్టు హాల్లో బల్లకు అవతల కూర్చున్న మనిషిని పిలిచి కొత్త చట్టం చెబుతారు. ఇవతల నిలబడిన మనిషిని మాత్రం దేవుడికి వదిలేస్తారు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 1975లోనే వకీళ్లకు తప్పనిసరి చదువు పెట్టింది. మనలాంటి బీద దేశమే అయిన ఫిలిప్పీన్స్‌లో మూడేళ్లకు 36 గంటలు.

ఇంకో ముచ్చట కూడా చెప్పుకోవాలి. డాక్టరు తప్పు చేస్తే రోగి వినియోగదారుల ఫోరానికి పోవచ్చని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వకీలు సేవ ఆ చట్టం కిందకు రాదని 2024 మే 14న అదే సుప్రీంకోర్టు తేల్చింది. వకీలు వృత్తి వ్యాపారం కాదు, దాని స్వభావమే వేరు అని ధర్మాసనం అన్నది. సరే, ఒప్పుకుందాం. వ్యాపారం కానప్పుడు బాధ్యత రెండింతలు కావాలి కదా? క్లయింటుకు ఒక తలుపు మూసినప్పుడు ఇంకో తలుపు తెరవాలి కదా? డాక్టరుకు ఫోరం భయమూ ఉంది, చదువు గంటల లెక్కా ఉంది. వకీలుకు రెండూ లేవు. బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చంటారు. అది దుష్ప్రవర్తన మీద. తెలియకపోవడం దుష్ప్రవర్తన కింద ఎప్పుడు లెక్కయింది?

తెలియకపోవడానికి కారణాలు లేకపోలేదు. ఒక్కసారిగా మీద పడ్డాయి. 511 సెక్షన్ల ఐపీసీ పోయి 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 302 అంటే చిన్నపిల్లలకు కూడా హత్య అని తెలుసు, అది 103 అయింది. 420 అనే తిట్టుకు కూడా నెంబరు మారింది. పోనీ పాతది మరిచిపోదామంటే కుదరదు. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే. కాబట్టి ఒకే వకీలు ఒకే పూట రెండు చట్టాలు మోయాలి. ఇక సెల్‌ఫోన్ రికార్డింగు, సీసీ కెమెరా దృశ్యం సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ రెండు భాగాలుగా ఇవ్వాలి, అందులో హాష్ విలువ రాయాలి, రెండో భాగం మీద నిపుణుడి సంతకం ఉండాలి. హాష్ విలువ అంటే ఏమిటని ఒక తాలూకా కోర్టు వరండాలో మేం నలుగురిని అడిగాం. ఒకాయన నవ్వి వాట్సాప్‌లో వచ్చిన పాత సెక్షన్, కొత్త సెక్షన్ పట్టిక చూపించాడు. మన న్యాయవాదుల నిరంతర విద్య ప్రస్తుతానికి ఆ వాట్సాప్ పట్టికే!

క్రిమినల్ చట్టం ఢిల్లీ నుంచి వచ్చింది. భూమి చట్టమైతే మన ఇంట్లోదే. ఐదేళ్లలో రెండుసార్లు తలకిందులైంది. 1971 నాటి రికార్డ్ ఆఫ్ రైట్స్ చట్టాన్ని 2020లో రద్దు చేశారు. రెవెన్యూ కోర్టులు ఎత్తేశారు. అక్టోబరు 29న ధరణి వచ్చింది. పాసుపుస్తకంలో గుంటలు తప్పు పడితే తహశీల్దారుకు చెప్పుకునే దారి మూసుకుపోయి, సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. మళ్లీ 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. తప్పులు దిద్దే అధికారం, అప్పీళ్ల మెట్లు రెవెన్యూ అధికారులకు తిరిగొచ్చాయి. సాదాబైనామాలకు సంబంధించి 2020లో దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు దారి చూపించారు.

ఇది ఎవరికి తెలుసు? మాకు తెలిసిన ఒక రైతు ఉన్నాడు. పేరు, ఊరు వద్దు. ధరణి కాలంలో పాసుపుస్తకంలో 20 గుంటలు తగ్గాయి. వకీలును పట్టుకున్నాడు, సివిల్ కోర్టులో దావా పడింది. అప్పటికి అది సరైన దారే. తర్వాత చట్టం మారింది. వకీలు మారలేదు. భూభారతి వచ్చి ఎన్నో నెలలు గడిచినా ఆ వకీలు పేషీకి ఇంత అని తీసుకుంటూనే ఉన్నాడు. రెవెన్యూ అధికారి దగ్గర దరఖాస్తు పెట్టుకునే వీలుందేమో చూద్దామన్న మాట ఆయన నోట రాలేదు. మోసం చేశాడా? లేదు. ఆయన నిజంగానే కొత్త చట్టం చదవలేదు. ఆ సంగతి ఆయనే మాతో దాచుకోకుండా చెప్పాడు. "ఎక్కడ దొరుకుతది తెలుగులో, ఎవరు చెప్తరు?" అన్నాడు. ఆ జవాబుకు మాకు కోపం రాలేదు. ఆయన్ను అట్లా వదిలేసినవాళ్ల మీద వచ్చింది.

ఇప్పుడు మన మిత్రుల అభ్యంతరాలు. "మాకు కేసులే గురువులు, కొత్తగా మాకు పాఠాలు చెప్పేదెవరు?" అని సీనియర్లు అంటారు. కేసు గురువే. కాని ఫీజు కట్టేది క్లయింటు, నేర్చుకునేది వకీలు, ఓడితే దెబ్బ మళ్లీ క్లయింటుకే. ఇదెక్కడి గురుకులం?

"సర్కారు ఈ పేరుతో మా మెడకు తాడు వేస్తుంది" అనే భయం మాత్రం ఉత్తది కాదు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అడ్వకేట్ల చట్టానికి సవరణ బిల్లు ముసాయిదా బయటపెట్టింది. కోర్టు బహిష్కరణల మీద వేటు, బార్ కౌన్సిల్లో సర్కారు మనుషులు. దేశమంతా వకీళ్లు రోడ్డెక్కితే పది రోజుల్లోపే వెనక్కి తీసుకుంది. ఆ పోరాటంలో మేం వకీళ్ల పక్షమే. అందుకే చెబుతున్నాం, ఈ చదువు పగ్గాలు సర్కారు చేతికి పోకముందే బార్ తన చేతిలోకి తీసుకోవాలి. అధికారం లేదనే సాకు కూడా ఇక చెల్లదు. ఎన్‌రోల్‌మెంటుకు ముందు శిక్షణ పెట్టే అధికారం బార్ కౌన్సిల్‌కు లేదని 1999లో సుప్రీంకోర్టు కొట్టేసిన మాట నిజమే. 2023 ఫిబ్రవరిలో బార్ ఎగ్జామినేషన్‌ను సమర్థిస్తూ రాజ్యాంగ ధర్మాసనం ఆ పాత తీర్పులోని వాదన నిలవదని చెప్పింది.

అసలు భయం ఇంకోటి ఉంది, అది మాక్కూడా ఉంది. ఇది దందా అవుతుంది. 1961 చట్టంలో ఎన్‌రోల్‌మెంటుకు రాసి ఉన్న ఫీజు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు రకరకాల పద్దుల పేరుతో వేలకు వేలు గుంజాయి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు కర్రు కాల్చి వాత పెడితే తప్ప ఆగలేదు. అట్లాంటి చేతులకు చదువు సర్టిఫికెట్ల ముద్ర అప్పగిస్తే ఏమవుతుంది? స్టార్ హోటల్లో ఆదివారం సెమినారు, ఒక రిటైర్డ్ పెద్దమనిషి ఇంగ్లిషు ఉపన్యాసం, శాలువాలు, బిర్యానీ, గంటకు ఇంత అని రసీదు. గంటలు లెక్కపెట్టే పద్ధతి కుర్చీ వేడి చేసే తంతుగా మారుతుందనే ఇంగ్లండ్ సొలిసిటర్లకు ఏడాదికి 16 గంటల నియమాన్ని 2016లో ఎత్తేశారు. చదవడం మానమని కాదు. ఏం నేర్చుకోవాలో, ఏం నేర్చుకున్నారో ఎవరికివారు చూసుకొని ఏటా ప్రకటించాలన్నారు. ఆ అనుభవం మనం పట్టించుకోవాలి.

కాబట్టి మేం అడిగే చదువు వేరు. కొత్త జూనియర్‌ను ఒక్క రూపాయి అడగొద్దు. పట్నంలో 20 వేలు, గ్రామీణంలో 15 వేలు స్టైపెండ్ ఇవ్వమని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. సూచన సూచనగానే ఉంది, జూనియర్ ఇంకా బస్సు చార్జీకి వెతుక్కుంటున్నాడు. వాడి దగ్గర ఫీజు గుంజితే అది చదువు కాదు, జరిమానా. ఖర్చు బార్ కౌన్సిల్ పెట్టుకోవాలి. చదువు హైదరాబాద్‌లో కాదు, తాలూకా కోర్టు పక్కనున్న బార్ అసోసియేషన్ హాల్లో జరగాలి. తెలుగులో జరగాలి. బార్ ఎగ్జామినేషన్ తెలుగులో రాయవచ్చు, 2023లో మన హైకోర్టు ఒక తీర్పును తెలుగులో కూడా ఇచ్చింది. పాఠం చెప్పడానికి మాత్రం తెలుగు పనికిరాదా? చెప్పేవాళ్లు ప్రొఫెసర్లే కానక్కరలేదు. భూభారతి మీద పనిచేసిన రెవెన్యూ ఉద్యోగి, జైల్లో విచారణ ఖైదీల రిజిస్టరు రాసే ఉద్యోగి, హాష్ విలువ తీసే ఫోరెన్సిక్ మనిషి వచ్చి రెండు గంటలు కూర్చుంటే చాలు. సంతకం పెట్టి టీ తాగి పోయేవాళ్లకు లెక్క ఇవ్వొద్దు. ఒక పాత మిసలు ముందుపెట్టి, ఇందులో ఈరోజు ఏ దరఖాస్తు వేస్తావో రాయమనాలి. మొదటి పాఠం 479 మీద, రెండోది మీ జిల్లా జైల్లో ఆ సెక్షన్ కిందకు వచ్చేవాళ్ల జాబితా మీద.

కేరళ బార్ కౌన్సిల్ కొచ్చిలో నిరంతర న్యాయ విద్య కోసమే ఎం.కె. నంబియార్ పేరిట అకాడమీ నడుపుతోంది. మనకు చేతగానిదేమీ కాదు.

మొన్న ఒక జూనియర్ మా ఆఫీసుకొచ్చి 479వ సెక్షన్ తెలుగులో రాసిస్తారా అన్నా అని అడిగాడు. వాళ్ల సీనియర్ దగ్గర పాత పుస్తకాలే ఉన్నాయట. రాసిచ్చాం. వంద కాపీలు జిరాక్సు తీయించి ఏ జిల్లా బార్ అసోసియేషన్ అడిగినా పంపుతాం, ఆ ఖర్చు మాదే. హాలు తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్లు వచ్చే ఆదివారం పొద్దున తలుపు తీసి పెట్టాలి.