ఇంటి అనుమతికి ముందు పిల్లల లెక్క

అమెరికాలోని సియాటిల్‌కు తూర్పున సమామిష్, ఇసాక్వా అనే పట్టణాలున్నాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లిన మనవాళ్లు చాలామంది ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. అక్కడ బిల్డర్ కొత్త ఇల్లు కట్టాలంటే రోడ్లకూ పార్కులకూ కట్టినట్టే బడికీ రుసుము కట్టాలి. దాన్ని స్కూల్ ఇంపాక్ట్ ఫీజు అంటారు. వాషింగ్టన్ రాష్ట్రంలో 1990లో వచ్చిన గ్రోత్ మేనేజ్‌మెంట్ చట్టం నగరాలకూ కౌంటీలకూ ఈ అధికారం ఇచ్చింది. ఇళ్లు వస్తే పిల్లలొస్తారు, పిల్లలొస్తే తరగతి గదులు కావాలి, ఆ ఖర్చులో కొంత కొత్త ఇళ్లు భరించాలి అన్నది దీని వెనకున్న న్యాయం.

ఫీజు ఎంతన్నదానికంటే దాన్ని తేల్చే పద్ధతిని మనం గమనించాలి. స్థానిక ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్టు ముందుగా ఆరేళ్ల నిర్మాణ ప్రణాళిక వేస్తుంది. ఈమధ్య కట్టిన ఇళ్ల చిరునామాలను బడుల్లో నమోదైన పిల్లల చిరునామాలతో సరిచూస్తుంది. విడి ఇంటి నుంచి సగటున ఎందరు వస్తున్నారు, అపార్ట్‌మెంట్ నుంచి ఎందరు, ఏ తరగతులకు ఎందరు అన్నది అలా తేలుతుంది. ఆ సగటును స్థలం ధరతో, గదుల నిర్మాణ ఖర్చుతో హెచ్చిస్తారు. రాష్ట్రం ఇచ్చే సాయాన్నీ, ఆ ఇంటివాళ్లు బడి బాండ్ల కోసం మున్ముందు చెల్లించబోయే ఆస్తి పన్నునూ అందులోంచి తీసేస్తారు. ఈ పట్టణాలున్న కింగ్ కౌంటీ నిబంధనల ప్రకారం అలా మిగిలినదాంట్లోనూ సగమే వసూలు చేయాలి. ఈ డబ్బుతో పాత లోటు పూడ్చకూడదు. పదేళ్లలో వాడకపోతే వడ్డీతో సహా వెనక్కి ఇవ్వాలి.

ఈ పద్ధతికీ లోపాలున్నాయి. ఇంటి విస్తీర్ణం చూడకుండా ఒకే ఫీజు వేస్తే చిన్న ఇల్లు కొనుక్కునే కుటుంబం మీద పెద్ద బంగళాతో సమానంగా భారం పడుతుంది. 2023లో చట్టం సవరించి, ఇంటి పరిమాణాన్ని బట్టి ఫీజు ఉండాలన్నారు. అది మంచి పని. రెండో లోపం ఇంకా పెద్దది. అక్కడ బడి కట్టడానికి బాండ్లు జారీ చేయాలంటే 60 శాతం ఓట్లు రావాలి. నూటికి 59 మంది ఔనన్నా బడి లేనట్టే. భవనాల ఖర్చు రాష్ట్రమే పూర్తిగా భరించాలన్న వాదనను 2023లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఇక అందరి చూపూ కొత్తగా వచ్చే ఇంటి మీదే పడుతుంది. ఇది అన్యాయం. ఇప్పుడు వద్దని ఓటేసేవాళ్ల పిల్లలు చదివిన బడులు అంతకుముందు ఎవరో కట్టిన పన్నులతో లేచినవే. కొత్తవాళ్లు తమ వంతు ఇవ్వాలి. పాతవాళ్లు తమ బాధ్యత వదులుకోకూడదు.

హైదరాబాద్‌లోనూ ఇంపాక్ట్ ఫీజు ఉంది. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, అంటే జీవో 168, ఎత్తయిన భవనాల మీద నగరస్థాయి మౌలిక వసతుల ఇంపాక్ట్ ఫీజు విధించాయి. దాన్ని అంతస్తులు, నిర్మాణ విస్తీర్ణం చూసి లెక్కగడతారు. ఈ టవర్‌లోంచి ఎందరు పిల్లలు బడికి వెళ్తారన్న ప్రశ్నకు అందులో చోటు లేదు. కిలోమీటరు లోపు ప్రాథమిక పాఠశాల, మూడు కిలోమీటర్ల లోపు ప్రాథమికోన్నత పాఠశాల ఉండాలని విద్యాహక్కు నిబంధనలు చెబుతున్నాయి. అనుమతులిచ్చే కార్యాలయం ఆ నిబంధనలు తనకు పట్టనట్టే ఉంటుంది.

కోకాపేట, నార్సింగిలో ఫ్లాట్లు కొనేవాళ్లు పిల్లల్ని ప్రైవేటు బడులకే పంపుతారు కదా అని కొందరంటారు. మరి ఆ టవర్లు కట్టిన పాలమూరు కూలీలు, ఒడిశా మేస్త్రీలు, అక్కడే కాపలా కాసే వాచ్‌మన్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్ల పిల్లలు ఎక్కడ చదవాలి? టవర్ వల్ల ఆ ఊరికి చేరిన పిల్లల్లో వాళ్లూ ఉన్నారు.

ప్రభుత్వమే కట్టిన ఇళ్ల సంగతీ చూద్దాం. హైదరాబాద్ శివార్లలోని కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ల కాలనీని 2023 జూన్‌లో ప్రారంభించారు. రెండిళ్లకు ఒక్క బడి ఈడు బిడ్డే ఉందనుకున్నా 7,830 మంది పిల్లలు. గదికి 30 మంది చొప్పున 261 తరగతి గదులు. ఇలాంటి కాలనీకి నక్షా గీసిన రోజే బడికీ నక్షా గీయాలి.

అందుకే మన నగరాల్లో పెద్ద నిర్మాణానికి అనుమతి ఇచ్చే ప్రతి ఉత్తర్వులోనూ మూడు అంకెలు ఉండాలి: రాబోయే పిల్లల సంఖ్య, దగ్గర్లోని ప్రభుత్వ బడిలో ఖాళీగా ఉన్న సీట్లు, ఇంపాక్ట్ ఫీజులో ఆ బడికి వెళ్లే వాటా. ఆ వాటాను విడి ఖాతాలో ఉంచి, గడువులోగా ఆ ప్రాంతంలోనే ఖర్చు చేయాలి. చిన్న ఇళ్ల మీద భారం తక్కువ పడాలి. వీటికి కొత్త పన్ను అక్కర్లేదు, ఇప్పుడున్న నిబంధనలు సవరిస్తే చాలు. పురపాలక శాఖ, విద్యాశాఖ ఒక్కచోట కూర్చుని ఈ ఏడాదే ఆ పని మొదలుపెట్టాలి.