మూడు నింఫ్‌లు చాలు మహాప్రభో!

ముందే చెప్పేస్తున్నా, ఇది చదివాక ఫ్లై ఫిషింగ్ మిత్రులు కొంతమందికి నా మీద కోపం రావచ్చు. రానివ్వండి. ట్రౌట్, గ్రేలింగ్ చేపలు పట్టడానికి డబ్బాల కొద్దీ ఫ్లైలు కావాలన్నది ఒట్టి భ్రమ. మూడు రకాల నింఫ్‌లు చాలు. మిగతాదంతా అమ్మేవాళ్ళకి లాభం, కొనేవాళ్ళకి కాలక్షేపం. అంతే.

ఈ గొడవ తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. మన ఊళ్ళో అయితే గాలానికి వానపాము గుచ్చి, దారానికి బెండు కట్టి చెరువు గట్టున కూర్చుంటాం. ఇంగ్లండులో చాలా ట్రౌట్ నదుల మీద వానపాముకి అనుమతి లేదు. గాలానికి ఈకలూ బొచ్చూ చుట్టి పురుగులా కనపడేట్టు చేస్తారు, అదే ఫ్లై. నీటి మీద తేలితే డ్రై ఫ్లై. మునిగి, ఇంకా రెక్కలు రాని పురుగులా కొట్టుకుపోతే నింఫ్. మేఫ్లై జాతి పురుగులు బతుకులో చాలా భాగం నీటి అడుగున రాళ్ళ మధ్య గడిపి, రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతాయి. అంటే చేపకి ఏడాది పొడుగునా భోజనం దొరికేది అడుగునే. రెక్కల పురుగు పండగ భోజనం లాంటిది. రోజూ ఉండదు.

లీడ్స్‌కి ఆన్‌సైట్ వచ్చిన మా టీమ్ కుర్రాడొకడు మొన్న నన్నడిగాడు, "అన్నా, వార్ఫ్ నదికి ఏ ఫ్లైలు కొనాలి?" అని. అప్పటికే నూట యాభై ఫ్లైలున్న డబ్బా ఆన్‌లైన్ కార్ట్‌లో వేసేశాడు. "ఒరేయ్, ఏ ఫ్లై అని కాదురా, ఎంత లోతు అని అడుగు" అన్నాను. వాడికి అర్థం కాలేదు. వాణ్ణి అని లాభం లేదు. ఏ వీడియో చూసినా, ఏ కొట్టుకెళ్ళినా చెప్పేది ఒకటే. ఈ నెలకి ఈ ఫ్లై, ఆ నెలకి ఆ ఫ్లై, మబ్బు పడితే ఇంకోటి. ఒక్కోటి ఒకటి, రెండు పౌండ్లు. చివరికి చేప పడకపోతే "సరైన ఫ్లై లేదు" అనుకుని మళ్ళీ కొట్టుకే పోతాం. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

నా మాట నమ్మకపోతే ఫ్రాంక్ సాయర్ మాట వినండి. 1906లో పుట్టి 1980లో పోయిన ఈయన, హాంప్‌షైర్ ఏవన్ నది మీద నెదరేవన్ దగ్గర దశాబ్దాల పాటు నది కాపలాదారుగా పనిచేశాడు. పురుగుల్నీ చేపల్నీ రోజూ చూస్తూ బతికిన మనిషి. ఆయన కట్టిన ఫెజెంట్ టెయిల్ నింఫ్‌లో ఉన్నవి రెండే సరుకులు. ఫెజెంట్ కోడి తోక ఈక, సన్నని రాగితీగ. దారం కూడా లేదు. ఈకని కట్టేదీ ఆ తీగే, బరువిచ్చేదీ ఆ తీగే. కాళ్ళు పెట్టలేదు. ఎందుకంటే ఆయన అనుకరించిన ఆలివ్ జాతి నింఫ్‌లు ఈదేటప్పుడు కాళ్ళని ఒంటికి దగ్గరగా పెట్టుకుంటాయి. తక్కువ కోడు, ఎక్కువ పని! 1958లో "నింఫ్స్ అండ్ ది ట్రౌట్" పుస్తకం రాసేనాటికి ఆయనకి గుప్పెడు రకాలతోనే పని జరిగిపోతోంది.

అది కూడా ఎక్కువే అంటారా? నెదరేవన్‌లోనే ఉండే ఆలివర్ కైట్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఈక కూడా తీసేశాడు. ఉత్త గాలానికి మెడ దగ్గర నాలుగు చుట్లు రాగితీగ, అంతే. దాంతోనే చేపలు పట్టి చూపించాడు. ఇప్పుడు చెప్పండి, తోక మూడు పోగులా నాలుగా, రిబ్బింగ్ వెండా బంగారమా అన్న చర్చ దేనికి? చేపకి కావలసింది సరైన లోతులో, సరైన సైజులో, సహజంగా కదిలే వస్తువు. రంగు ఆ తర్వాతి మాట.

ఇంతకీ నా మూడు ఏవంటే:

ఒకటి, ఫెజెంట్ టెయిల్. 14, 16, 18 సైజుల్లో (నంబరు పెరిగితే గాలం చిన్నదవుతుంది). ఈదే నింఫ్‌లన్నిటికీ ఇదే.

రెండు, హేర్స్ ఇయర్. కుందేలు ముఖం మీది బొచ్చు, పైన బంగారు తీగ. చూడ్డానికి చిందరవందరగా ఉంటుంది, దాని బలమూ అదే. కాడిస్ పురుగు అనుకున్నా సరే, స్టోన్‌ఫ్లై అనుకున్నా సరే. 12, 14 సైజులు, మెడలో పూసతో.

మూడు, కిల్లర్ బగ్. మనకి బగ్ అంటే ఏడుపు, ఇక్కడ బగ్ అంటే పండగ :) ఇదీ సాయర్‌దే, గ్రేలింగ్ కోసం కట్టినది. రాగితీగ, దాని మీద ఉన్ని. నీటి అడుగున పాకే మంచినీటి రొయ్యలా ఉంటుంది. ఆయన వాడిన ఉన్ని చాడ్విక్స్ 477. దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది, పాత ఉండల కోసం ఇప్పటికీ డబ్బులు గుమ్మరించేవాళ్ళున్నారు. లేత బూడిద రంగులో కాస్త గులాబీ ఛాయ ఉన్న ఏ షెట్లాండ్ ఉన్నితో కట్టినా గ్రేలింగ్ తింటుంది. దానికి బ్రాండ్ పిచ్చి లేదు, మనకే ఉంది.

వీటినే బరువుల్లో మార్చుకోండి. ఒకటి ఉత్త తీగతో, ఒకటి ఇత్తడి పూసతో, ఒకటి టంగ్‌స్టన్ పూసతో. టంగ్‌స్టన్ సాంద్రత ఇత్తడికి రెట్టింపు పైమాటే, అందుకే చిన్న పూసతోనే లోతుకి దిగుతుంది. మొత్తం పాతిక ఫ్లైలు, ఒక చిన్న డబ్బా, జేబులో పడుతుంది.

అసలు పని ఇక్కడే ఉంది. నదిలో అడుగు నీరు పై నీటికన్నా నెమ్మదిగా పోతుంది, రాళ్ళ రాపిడి వల్ల. మీ లైను పై నీటిలో పడి ఉంటే అది నింఫ్‌ని లాక్కుపోతుంది. అడుగున పురుగులన్నీ నడుస్తుంటే మీది మాత్రం పరిగెడుతుంది. చేపకి అనుమానం రాదా? అందుకే ఎగువకి విసిరి, రాడ్ ఎత్తి, వీలైనంత లైను నీటికి తగలకుండా పట్టుకోవాలి. 1980లలో పోలండ్, చెక్ వాళ్ళు పోటీల్లో అందర్నీ హడలెత్తించింది ఈ పొట్టి లైను పద్ధతితోనే. నింఫ్ అప్పుడప్పుడు అడుగుని తాకాలి. ఎప్పుడూ తాకకపోతే బరువు చాలలేదు, ప్రతిసారీ రాళ్ళలో ఇరుక్కుంటే ఎక్కువైంది. ముందు బరువు మార్చండి, తర్వాత సైజు, ఆఖర్న రకం. ఒకసారికి ఒక్కటే మార్చండి. డీబగ్గింగ్ చేసేవాళ్ళకి ఇది నేను చెప్పాలా?

చేప కనపడుతుంటే, నింఫ్ దాని ముందుకి రాగానే రాడ్ కొనని మెల్లగా పైకెత్తండి. పురుగు పారిపోతోందనుకుని చేప అందుకుంటుంది. సాయర్, కైట్ నేర్పిన విద్య ఇది. కొట్లో దొరకదు.

ఇక ఎదురు వాదన. "సున్నపురాయి నేలల స్వచ్ఛమైన నీటిలో ట్రౌట్ ఒకే పురుగుని ఏరుకుని తింటుంది, అప్పుడేం చేస్తావ్?" అంటారు. నిజమే, తింటుంది. అప్పుడు కూడా నా అనుభవంలో సైజు తగ్గిస్తేనే ఎక్కువసార్లు పని జరిగింది. పైకొచ్చి రెక్కల పురుగుల్ని తింటుంటే డ్రై ఫ్లై వేయండి, ఎవరొద్దన్నారు? నేనంటున్నది నింఫ్‌ల సంగతి.

రూల్సు పెట్టేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు లెండి. స్క్యూస్ అనే లాయరు 1910లో "మైనర్ టాక్టిక్స్ ఆఫ్ ది చాక్ స్ట్రీమ్" రాసి, మునిగే ఫ్లై కూడా న్యాయమే అన్నాడు. హాల్ఫర్డ్ శిష్యులకి ఒళ్ళు మండింది. 1938లో లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్బులో దీని మీద పెద్ద చర్చే పెట్టారు, అప్పటికి స్క్యూస్‌కి 79 ఏళ్ళు. ఇప్పుడు నింఫ్ వెయ్యని ట్రౌట్ జాలరిని వెతుక్కోవాలి. ఆనాటి చాదస్తం "ఒక్క పద్ధతే" అంది, ఈనాటి చాదస్తం "అన్ని రకాలూ" అంటోంది. రెండూ నీటిని చూడవు.

ఇంత ఆవేశం ఎందుకంటారా? ఆన్‌సైట్‌లో మనకి దొరికేది వారానికి ఒక పూట. ఆ పూట కూడా గట్టు మీద నిలబడి ముడులు విప్పుతూ, కడుతూ గడిపేసి, "ఇది మనకి రాదులే" అని రాడ్ అటకెక్కించిన వాళ్ళని చూశాను. ఇది బ్రహ్మవిద్య కాదండీ. చలికాలం వారాంతాల్లో ఇంట్లో పడి ఉండాల్సిన పనీ లేదు. యార్క్‌షైర్ నదుల్లో ట్రౌట్ మార్చి 25 నుంచి సెప్టెంబరు 30 దాకా, గ్రేలింగ్ జూన్ 16 నుంచి మార్చి 14 దాకా. అంటే ట్రౌట్ ఆగిపోయాక కూడా ఐదు నెలల పైన గ్రేలింగ్ ఉంటుంది. రాడ్ లైసెన్సు, ఆ నది మీద పర్మిట్ తీసుకోండి. ముల్లు లేని గాలం వాడండి. చేపని తడి చేత్తో పట్టుకోండి. వదిలేటప్పుడు తల ఎగువకి పెట్టి, దానంతట అదే ఈదిపోయే దాకా ఆగండి. గ్రేలింగ్ తేరుకోవడానికి కాస్త టైమ్ తీసుకుంటుంది.

ఆ డబ్బా కార్ట్‌లోంచి తీసేయండి. ఆ డబ్బుతో రెండు రోజుల పర్మిట్లు కొనుక్కోండి. నది నేర్పేది నూట యాభై ఫ్లైలు నేర్పవు.